రాత్రి చూపు లేని బిడ్డను కాలవగట్ల ఊళ్ళో పెంచడం ఎలా

“పగలైతే బియ్యంలో వడ్లగింజ కూడా ఏరతాడండీ. పొద్దుగూకితే చాలు, వాకిట్లో కట్టేసిన దూడ మీద పడతాడు. కావాలని చేస్తున్నాడా?” అమలాపురం వాళ్ళూ అడిగేది ఇదే, భీమవరం వాళ్ళూ అడిగేది ఇదే. కావాలని చెయ్యడం లేదు. రెండూ ఒకే కంటికి సాధ్యమే.

ఇలాంటి పిల్లల్లో కొందరికి రెటినైటిస్ పిగ్మెంటోసా ఉంటుంది. డాక్టర్లు ఆర్‌పీ అంటారు. పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల రెటీనాలో (కంటి లోపల వెనక వైపు వెలుగును పట్టే పొర) మసక వెలుతురును పట్టే కణాలు ముందు చచ్చిపోతాయి. మొదట రాత్రి చూపు పోతుంది, తర్వాత పక్కచూపు మూసుకొస్తుంది, నడిమి చూపు చాలా ఏళ్ళు నిలుస్తుంది. ప్రపంచంలో సుమారు 4,000 మందిలో ఒకరికి ఉంటుందని లెక్క. నాకూ ఇదే. కోనసీమలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి రాసేదంతా కాలవలూ బోదెలూ (పొలాలకు నీళ్ళు పారే చిన్న కాలవలు) రేవులూ ఉన్న ఊళ్ళ గురించే.

ఒక్క మాట ముందే. గోడ మీది అక్షరాల చార్టు చివరి వరుస దాకా చదివేశాడని నిశ్చింతగా ఉండకండి. ఆ చార్టు కొలిచేది నడిమి చూపు ఒక్కదాన్నే.

కావలసినవి

తలకు కట్టుకునే ఎల్‌ఈడీ లైటు (రాత్రిళ్ళు రొయ్యల చెరువుల మీద తిరిగేవాళ్ళు పెట్టుకునేదే), పసుపు రంగు పెయింటు చిన్న డబ్బా, రేడియం టేపు, సున్నం, ముందు అంచు ఉన్న టోపీ, నల్ల అట్ట ముక్క, ఒక నోటుపుస్తకం. మడతపెట్టే తెల్లకర్ర తర్వాత కొనొచ్చు. గవ్వలు పది. ఇంటికొక ఓపికగల మనిషి.

1. ముందు ఇంట్లోనే చూసుకోండి

ఇది పరీక్షకు బదులు కాదు, డాక్టరు దగ్గర ఏం చెప్పాలో తెలుసుకోవడానికి. సాయంత్రం గదిలో దీపాలన్నీ ఆర్పి, పక్క గదిలో ఒక చిన్న బల్బు ఉంచండి. పావుగంట అలా కూర్చోనిచ్చి, నేల మీద పది గవ్వలు చల్లి ఏరమనండి. అదే పని అన్నతోనో చెల్లితోనో చేయించండి. వాళ్ళు పదీ ఏరి ఈ బిడ్డ రెండు మూడు దగ్గరే ఆగిపోతే రాసి పెట్టుకోండి.

పక్కచూపుకి: బిడ్డకు ఎదురుగా చేతికందే దూరంలో కూర్చోండి. ఒక కన్ను మూయించి, రెండో కంటితో మీ ముక్కునే చూడమనండి. మీ వేళ్ళు ఆడిస్తూ బిడ్డ చెవి పక్క నుంచి మెల్లగా ముందుకు తీసుకురండి. మామూలు పిల్లలకు బయటి వైపు నుంచి చెవి దాటగానే కదలిక తెలుస్తుంది. మీ చెయ్యి బుగ్గ ముందుకొచ్చేదాకా తెలియకపోతే అనుమానించాలి. పైనుంచి, కింద నుంచి కూడా చూడండి. కింది చూపు తగ్గిన పిల్లలే గడపలు తన్నుకుంటారు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. బిడ్డ కన్ను చటుక్కున వేళ్ళవైపు తిరుగుతుంది, మీరు ‘కనపడిందిలే’ అనుకుంటారు. మీ కళ్ళు బిడ్డ కంటిపాప మీదే ఉండాలి. మధ్యమధ్య వేళ్ళు ఆడించకుండా “కదిలిందా?” అని అడగండి. మిమ్మల్ని సంతోషపెట్టడానికి అవునంటున్నాడేమో తెలిసిపోతుంది.

2. ఏ రేచీకటో తేల్చుకోండి

విటమిన్ ఏ లోపంతో వచ్చే రేచీకటి వేరు. అది డాక్టరు ఇచ్చిన మోతాదుతో కొద్ది రోజుల్లోనో వారాల్లోనో తగ్గుతుంది. తెల్లగుడ్డు పొడిబారి నురగలాంటి మచ్చలు కనపడటం దాని గుర్తు. ఆర్‌పీ అలా తగ్గదు. పొన్నగంటి కూర, మునగాకు, బొప్పాయి, క్యారెట్టు చక్కగా పెట్టండి, అవి మంచి తిండి. వాటితో ఆర్‌పీ పోతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

హెచ్చరిక: విటమిన్ ఏ మాత్రలు మెడికల్ షాపులో కొని సొంతంగా వెయ్యకండి. మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది, తలలో ఒత్తిడి పెరుగుతుంది. ఏబీసీఏ4 అనే జన్యువులో లోపం ఉన్నవాళ్ళకు అది రెటీనాకే చేటు చెయ్యొచ్చు.

3. సరైన పరీక్షలు అడిగి చేయించండి

కళ్ళజోడు షాపు పరీక్షతో ఇది తేలదు. ఊళ్ళో పెట్టే క్యాంపులోనూ దొరక్కపోవచ్చు, ఎందుకంటే మొదటి దశలో ఆర్‌పీకి గుర్తైన నల్లమచ్చలు రెటీనా మీద ఇంకా రాకపోవచ్చు. రెటీనా డాక్టరు దగ్గరికే వెళ్ళండి. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు విజయవాడలోనూ విశాఖపట్నంలోనూ ఆసుపత్రులున్నాయి. డెల్టాలో ఏ మూల నుంచైనా రెండిట్లో ఒకటి అందుబాటులో ఉంటుంది.

అడగాల్సినవి: కంటిపాపలు పెద్దవి చేసి రెటీనా చూడటం, ఈఆర్‌జీ (రెటీనా వెలుగుకు ఎంత స్పందిస్తోందో కొలిచేది), ఓసీటీ స్కాను (రెటీనా పొరలను చూపించేది), ఫీల్డు టెస్టు (చూపు వెడల్పు కొలిచేది). ఫీల్డు టెస్టులో బిడ్డ కదలకుండా చుక్కను చూస్తూ బటన్ నొక్కాలి, కాబట్టి ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలతో నమ్మకంగా రాదు. ఈఆర్‌జీ చిన్నపిల్లలకూ చేస్తారు.

వినికిడి పరీక్ష కూడా చేయించండి. ఆర్‌పీతో పాటు చెవుడు ఉంటే అషర్ సిండ్రోమ్ కావచ్చు. పుట్టినప్పుడు ఆరో వేలు ఉండి, ఒళ్ళు బాగా పెరుగుతుంటే బార్డెట్–బీడిల్ సిండ్రోమ్ ఉందేమో చూడమనండి. అందులో మూత్రపిండాలు కూడా చూపించుకోవాలి. ఈ రెండూ ఎవరూ అడగక ఏళ్ళ తరబడి బయటపడవు.

ప్రయాణం గురించి చిన్న సలహా. కంట్లో చుక్కలు వేశాక కొన్ని గంటలు వెలుతురు గుచ్చుకుంటుంది. టోపీ, చలవ కళ్ళద్దాలు తీసుకెళ్ళండి. పొద్దుండగానే ఊరు చేరే రైలో బస్సో చూసుకోండి.

“ఎలాగూ మందు లేదుగా, ఏటేటా ఎందుకు వెళ్ళడం?” అంటారు చాలామంది. ఆర్‌పీ ఉన్న కంట్లో శుక్లం త్వరగా రావచ్చు, దానికి ఆపరేషన్ ఉంది. రెటీనా మధ్యలో నీరు చేరవచ్చు, దానికి చుక్కలూ మాత్రలూ ఉన్నాయి. ఏడాదికోసారి వెళ్ళేది అందుకు.

4. జన్యువు సంగతి, మేనరికం సంగతి

మన వైపు మేనమామనో మేనబావనో చేసుకోవడం మామూలు. చాలా రకాల ఆర్‌పీ, తల్లి నుంచి ఒకటి తండ్రి నుంచి ఒకటి రెండు లోపాలూ కలిసినప్పుడే వస్తుంది. ఒక్కొక్క లోపమే ఉన్న తల్లిదండ్రులకు ఏ ఇబ్బందీ ఉండదు, తమకు ఉందనే తెలియదు. దగ్గర చుట్టరికంలో ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ.

ఇద్దరిలోనూ ఆ లోపం ఉన్న దంపతులకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. “మొదటివాడికి వచ్చేసింది, ఇక తర్వాతి ముగ్గురికీ రాదు” అనే లెక్క తప్పు. ప్రతి కాన్పూ కొత్త లెక్కే. కొన్ని రకాలు తల్లి వైపు నుంచి మగపిల్లలకు వస్తాయి, కొన్ని తండ్రికో తల్లికో ఉంటే ఒక్కో బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. మేనరికం లేని ఇంట్లోనూ వస్తుంది. కాబట్టి ‘మీ వైపు నుంచే’ అని వియ్యాలవారు దెప్పుకోవడంలో అర్థం లేదు.

చెయ్యాల్సింది: రెండు వైపులా మూడు తరాల వంశవృక్షం గీయండి, ఎవరికి రాత్రి చూపు లేదో ఎవరిది మేనరికమో గుర్తు పెట్టండి. దీనికి మామ్మగారిని మించిన రికార్డు లేదు, దగ్గర కూర్చోబెట్టుకుని అడగండి. ఆ కాగితం పట్టుకెళ్ళి జన్యు సలహాదారుతో మాట్లాడి, వాళ్ళు చెప్పిన రక్తపరీక్ష చేయించండి.

జన్యువు పేరు తెలిస్తే లాభం ఉంది. ఆర్‌పీఈ65 అనే ఒక జన్యువులో రెండు ప్రతులూ చెడినవాళ్ళకు 2017లో అమెరికాలో జన్యుచికిత్సకు అనుమతి వచ్చింది. ఖరీదు కోట్లలో ఉంది, ఆ ఒక్క జన్యువుకే పనిచేస్తుంది. మిగతావాటి మీద పరిశోధనలు సాగుతున్నాయి. ఈలోగా “మూలకణాలతో చూపు తెప్పిస్తాం, లక్షలు కట్టండి” అనేవాళ్ళు తారసపడతారు. పద్ధతిగా జరిగే పరిశోధనలో చికిత్సకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు. ఆ ఒక్క ప్రశ్న అడగండి చాలు.

5. ఇల్లు, వాకిలి

గడపల అంచులకు, మెట్ల అంచులకు రెండంగుళాల వెడల్పున పసుపు గీత వెయ్యండి. మెట్టంతా రంగు వేస్తే అంచెక్కడో తెలియదు. తలుపులు పూర్తిగా తెరిచో పూర్తిగా మూసో ఉంచండి. సగం తెరిచిన తలుపు నుదురు పగలగొడుతుంది. చెప్పులు, బిందె, కత్తిపీట, మడత మంచం, వేటికీ చోటు మారకూడదు. మార్చితే నోటితో చెప్పండి.

స్టీలు కంచంలో తెల్లన్నం, స్టీలు గ్లాసులో మజ్జిగ మసక వెలుతురులో కలిసిపోతాయి. ముదురు రంగు గ్లాసు ఇవ్వండి. కరెంటు పోయినప్పుడు తలలైటు ఎక్కడుందో బిడ్డ వెతుక్కోకూడదు. మంచం తలవైపు మేకుకు, రోజూ అక్కడే.

ఎండలోంచి ఇంట్లోకి రాగానే గుమ్మంలో రెండు నిమిషాలు ఆగడం అలవాటు చెయ్యండి. ‘అక్కడే నిలబడ్డావేం’ అని కసరకండి, కన్ను సర్దుకుంటోంది.

6. గట్టు, బోదె, రేవు

ఇక్కడ తొందరపడకండి. ముందు నాలుగు దారులు ఎంచుకోండి: బడి, గుడి, బస్టాపు, ఒక చుట్టాలిల్లు. ఒక్కో దారిని మొదట పగలు, తర్వాత సందెవేళ, ఆ తర్వాత రాత్రి, ఆ వరసలోనే నేర్పాలి. దారిలో కాలవకు దూరంగా ఉన్న అంచు పట్టుకుని నడవడం మొదటి నియమం.

దారిని కాళ్ళతోనూ చెవులతోనూ గుర్తుపట్టడం నేర్పండి. తారు అయిపోయి గ్రావెల్ మొదలైన చోటు, లాకు దగ్గర నీటి హోరు, రైసు మిల్లు చప్పుడు, రొయ్యల చెరువు ఏరేటర్ల మోత. “ఇప్పుడెక్కడున్నాం?” అని మధ్యలో అడుగుతుండండి. తప్పు చెబితే వెంటనే దిద్దకండి, పది అడుగులు పోనిచ్చి మళ్ళీ అడగండి.

గట్టు వెంట కొబ్బరిచెట్ల మొదళ్ళకు నడుమెత్తున సున్నం పట్టీ వేస్తే లైటు వెలుగులో దారి వరస కట్టి కనపడుతుంది. రెండు వానలకు పోతుంది, మళ్ళీ వెయ్యాలి. పిట్టగోడ లేని కల్వర్టు అన్నిటికంటే ప్రమాదం. పంచాయతీకి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి, గోడ వచ్చేలోగా రెండంచులకూ రేడియం టేపు కట్టిన రాటలు పాతండి. బోదె మీద ఒంటి కొబ్బరి దుంగ ఉంటే రాత్రి దాని మీదికి బిడ్డను పంపకండి. పక్కన ఇంకో దుంగ వేసి, నడుమెత్తున తాడు కట్టండి.

కాలాన్ని బట్టి దారి మారుతుంది, ఈ సంగతి బయటినుంచి వచ్చిన శిక్షకులకు తట్టదు. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు పిల్లలు అడ్డంగా దిగి నడుస్తారు. నీళ్ళు వదిలిన రోజున బిడ్డను తీసుకెళ్ళి నీటి అంచు కాలితో ముట్టించి చూపించాలి. సార్వా, దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతారు. ధాన్యం ఎత్తేస్తారు, రాళ్ళు అక్కడే ఉంటాయి. ఆ వారం దారి రోజూ ముందుగా మీరొకసారి చూసి రండి. కొబ్బరి దింపిన రోజు రాశులూ మట్టలూ అంతే.

చెయ్యి పట్టుకు నడిపించే పద్ధతి: బిడ్డ మీ మోచేతి పైభాగం పట్టుకోవాలి, మీరు అరడుగు ముందుండాలి. చిన్నపిల్లలైతే మీ మణికట్టు పట్టుకుంటారు. మీరు బిడ్డ రెక్క పట్టుకుని ముందుకు నెట్టకూడదు. అలా నెడితే మెట్టు మీకంటే ముందు వాడికే తగులుతుంది.

తెల్లకర్ర దగ్గర ఇళ్ళల్లో పేచీ వస్తుంది. “కళ్ళు కనపడుతుంటే కర్రేంటి, ఊళ్ళో ఏమనుకుంటారు?” అని. రాత్రికి మాత్రమే వాడొచ్చు, మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. ఊరి మాట కోసం కాలవలో పడటం ఎవరికీ గొప్ప కాదు. నిటారుగా నిలబడితే కర్ర నేల నుంచి రొమ్ము ఎముక దాకా రావాలి. పట్టుకున్న చెయ్యి బొడ్డు ముందుండాలి. మొన భుజాల వెడల్పు కంటే కాస్త ఎక్కువగా అటూ ఇటూ తిరగాలి. కుడి అడుగు వేసేటప్పుడు కర్ర ఎడమవైపు ఉండాలి. గట్టు మీద తట్టుకుంటూ పోవద్దు, మొనను నేల మీద జారిస్తూనే పోవాలి, అప్పుడే పల్లం వెంటనే తెలుస్తుంది. బురదలో దిగబడకుండా గుండ్రటి లావు మొన తీసుకోండి.

కర్రకు నడుము పైవి అందవు: వేలాడే కొబ్బరి మట్ట, బట్టల తీగ, ఆగి ఉన్న ట్రాక్టరు తొట్టి. దానికి టోపీ అంచు, తలలైటు.

ఫలితం ఎలా చూడాలి: అమావాస్యకు దగ్గర రోజుల్లో బిడ్డను ముందు నడవనిచ్చి, పదడుగుల వెనక మీరు మాట్లాడకుండా రండి. ప్రమాదమైతేనే నోరు విప్పండి. కాలు తగిలినవి, అనుమానంతో ఆగినవి, అంచు వైపు ఒరిగినవి మూడు వరసలుగా పుస్తకంలో గీతలు వెయ్యండి. వరసగా మూడు సాయంత్రాలు మూడో వరస సున్నా అయితేనే ఆ దారి వచ్చినట్టు. వెన్నెల రోజున బాగా నడిచాడని సంబరపడకండి.

ప్రభల తీర్థానికో అంతర్వేది రథోత్సవానికో వెళ్తే, జనంలో విడిపోయినప్పుడు కదలకుండా ఉన్నచోటే నిలబడి ఈల ఊదమని చెప్పండి. వెతకాల్సింది మీరు.

7. ఈత

నేర్పండి. చుట్టూ నీళ్ళున్న ఊళ్ళో చూపు తక్కువ బిడ్డకు ఈత రాకపోవడం పెద్ద ముప్పు. ఎండు కొబ్బరికాయలు జతగా కట్టి, పగలు, పారుదల లేని చోట, పెద్దవాళ్ళు నీళ్ళలో ఉండగా. మునిగి లేచాక దిక్కు తెలియదు కాబట్టి ఒడ్డున ఒకరు పిలుస్తూ ఉండాలి. గొంతు వైపు ఈదడం నేర్చుకుంటాడు.

8. బడిలో

మాస్టార్లు మంచి మనసుతోనే రెండు పొరపాట్లు చేస్తారు. మొదటిది, ముందు బెంచీలో కూర్చోబెట్టడం. పక్కచూపు మూసుకొచ్చిన పిల్లలు బొంగుగొట్టంలోంచి చూస్తున్నట్టు చూస్తారు. దగ్గర నుంచి బోర్డు మొత్తం ఆ గొట్టంలో పట్టదు. మూడో బెంచీ, నాలుగో బెంచీ మార్చి మార్చి చూసి, ఎక్కడ బోర్డు మొత్తం తల తిప్పకుండా చదవగలడో అక్కడ కూర్చోబెట్టమనండి. రెండోది పెద్ద అక్షరాల పుస్తకం. నడిమి చూపు బాగున్నప్పుడు అక్షరం పెద్దదైతే ఒక్కో చూపుకు తక్కువ మాటలు అందుతాయి, చదువు నెమ్మదిస్తుంది. మంచి వెలుతురు, ముదురు ఇంకు, కిటికీకి వీపు పెట్టి కూర్చోవడం ఎక్కువ సాయం చేస్తాయి. నల్ల అట్టలో ఒక వరస పట్టేంత సందు కోసి పేజీ మీద జరుపుకుంటే వరస తప్పిపోదు.

నడిమి చూపు కూడా తగ్గినవాళ్ళకు ఈ లెక్క మారుతుంది, అప్పుడు పెద్ద అక్షరాలే కావాలి. అందుకే నిమిషానికి ఎన్ని మాటలు చదివాడో రెండు రకాలుగానూ కొలిచి చూడండి. ఊహ మీద నిర్ణయించకండి.

చూపు బాగున్నప్పుడే కీబోర్డు చూడకుండా టైపు చెయ్యడం, ఫోనులో టాక్‌బ్యాక్ (తెర మీద ఉన్నది చదివి వినిపించేది) తెలుగులో వినడం నేర్పండి. కంప్యూటరుకు అదే పని చేసే ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. బ్రెయిలీ ఎప్పుడు అన్నది చూపు తగ్గే వేగాన్ని బట్టి శిక్షకుణ్ణి అడగండి.

శీతాకాలం మొదట్లో కోనసీమలో అయిదున్నరకే పొద్దుగూకుతుంది. ట్యూషన్ అయిదు లోపు వదిలిపెట్టమని మాస్టారిని ముందే అడిగి పెట్టుకోండి.

9. సదరం (వైకల్యం) సర్టిఫికెట్

“6/6 చదివాడు, వైకల్యం లేదు” అని తిప్పి పంపడం మామూలుగా జరిగేదే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం చార్టు మీద ఎంత చదవగలడన్నదే కాదు, చూపు వెడల్పునూ లెక్కలోకి తీసుకోవాలి. చూపు వెడల్పు 40 డిగ్రీల కంటే తగ్గి 10 వరకు ఉంటే అల్పదృష్టి, 10 కంటే తక్కువైతే అంధత్వం. రెండు కళ్ళతో కలిపి మామూలు మనిషికి దాదాపు 180 డిగ్రీలుంటుంది. కాబట్టి క్యాంపుకు ఫీల్డు టెస్టు కాగితం, ఈఆర్‌జీ రిపోర్టు తప్పకుండా తీసుకెళ్ళండి. సదరం స్లాటు సచివాలయంలోనో మీసేవలోనో బుక్ చేస్తారు.

వైకల్యం 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ వర్తిస్తుంది, ఆ నాలుగులో ఒక శాతం చూపు తక్కువవాళ్ళది. పోటీ పరీక్షల్లో గంటకు 20 నిమిషాల అదనపు సమయం అడగొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. చార్టు బాగా చదువుతూ, ఫీల్డు ఇంకా 40 డిగ్రీలు దాటి ఉంటే సర్టిఫికెట్ రాదు, ఏటా కొలిపించుకుంటూ ఉండండి.

10. బిడ్డకు చెప్పడం

ఏడెనిమిదేళ్ళకల్లా జబ్బు పేరు బిడ్డకు తెలియాలి. “నీ కళ్ళు చీకట్లో పనిచెయ్యవు, పక్కలు తక్కువ కనపడతాయి. అది నీ తప్పు కాదు, మా తప్పూ కాదు” అని చెప్పండి చాలు. ఎప్పుడు పూర్తిగా పోతుందని అడిగితే ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరన్నదే నిజం. ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములకు కూడా ఒకే వేగంతో తగ్గదు. క్లాసులో చెప్పుకోవడానికి ఒక వాక్యం కంఠతా పట్టించండి: “నాకు పక్కనుంచి బంతి వేస్తే కనపడదు, పేరు పిలిచి వెయ్యండి.”

పదిహేనేళ్ళకే బండి తోలే ఊళ్ళు మనవి. ఆ గొడవ రాకముందే, పన్నెండేళ్ళప్పుడే చెప్పెయ్యండి: బండి తోలడం కుదరదు. సైకిలు పగలు, తెలిసిన పుంతలో, పక్కచూపు కొలత చూసి డాక్టరు సరే అన్నన్నాళ్ళు. ‘పెద్దయ్యాక చూద్దాంలే’ అంటే, ఏదో రాత్రి బావగారి బండి తాళాలు తీస్తాడు. దానికి బదులు బస్సుల టైములు, షేరాటో ఎక్కే చోటు, డబ్బులు లెక్కపెట్టి ఇవ్వడం నేర్పండి. ముందు మీతో, తర్వాత మీరు అదే బస్సులో వెనక సీట్లో ఉండగా, ఆ తర్వాత ఒక్కడే రావులపాలెం దాకా వెళ్ళి, దిగగానే ఫోను చెయ్యమని.